సోమశిలకు ఎప్పుడు వెళ్లాలి: నీళ్లు నిండినప్పుడా, దిగినప్పుడా?

తెలంగాణలో సముద్రం ఎలాగూ లేదు, సోమశిల ఫోటోలు చూస్తే అచ్చం బీచ్‌లా ఉంది, ఫ్యామిలీతో ఎప్పుడు వెళ్తే బాగుంటుంది, పాత గుళ్లు కూడా చూడొచ్చా అని అడిగారు కదా. సోమశిల అంటే నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం డ్యాం వెనక కృష్ణ నీళ్లు నిలిచే ఒడ్డున ఉన్న ఊరు. మాది కొల్లాపూర్ పక్కనే, మొహమాటం లేకుండా చెప్తా. నిండు నీళ్లు, నీళ్లు దిగితేనే బయటపడే గుడి రెండూ ఒకే ట్రిప్‌లో దొరకవు, ఏది కావాలో ముందు తేల్చుకోండి.

నీళ్లు కావాలంటే వానాకాలం చివర్లో రండి. శ్రీశైలం డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు, దానికి దగ్గరగా ఉన్నప్పుడు కృష్ణమ్మ మా దగ్గర ఏరులా ఉండదు, నల్లమల గుట్టల సందుల్లోకి చొచ్చుకుపోయి ఎక్కడికక్కడ అఖాతంలా నిలబడుతుంది, ఏది అవతలి ఒడ్డో ఏది నీళ్ల మధ్య మిగిలిన గుట్టో పోల్చుకోవడం కొత్తవాళ్లకు కష్టం. ఆ సీజన్‌లో టూరిజం లాంచీ శ్రీశైలం దాకా పోతుంది. పొద్దంతా నీళ్ల మీదే కాబట్టి చిన్నపిల్లలుంటే విసిగిస్తారు, నన్నడిగితే గంటసేపు బోటు చాలు.

పొద్దున్నే రేవుకు వెళ్లండి. అక్కడ చేపలు పట్టేవాళ్లలో విశాఖ వైపు నుంచి వచ్చి ఉండిపోయిన కుటుంబాలున్నాయి, పాలమూరు గడ్డ మీద ఉత్తరాంధ్ర యాస వినొచ్చు. ఆడవాళ్లు చిన్నచేపల్ని పాత వలల మీద పలచగా పరిచి, కాకులు, కుక్కలు రాకుండా పక్కనే కర్ర పెట్టుకుని కూర్చుంటారు. ఎండుచేపలు కొనాలంటే అక్కడే కొనండి, కాకపోతే కారులో వాసన గురించి తర్వాత నన్ను తిట్టొద్దు.

ఇక గుళ్లు. ఇప్పుడు మీకు కనిపించే లలితా సోమేశ్వరాలయం మొదటినుంచీ అక్కడ ఉన్నది కాదు, డ్యాం కట్టినప్పుడు ముంపులో పోకుండా రాళ్లు విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిదీ అదే కథ. గుళ్లకు చోటు దొరికింది గానీ మునిగిన ఊళ్ల జనానికి అంత తేలిగ్గా దొరకలేదు. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగమన్న 98 నంబరు ప్రభుత్వ జీవో సంగతి ఇక్కడ ఏ పెద్దాయన్ని కదిపినా అరగంట చెప్తాడు, వీలైతే వినండి, గైడ్లు చెప్పని చరిత్ర అది.

పైకి తేకుండా మిగిలిపోయింది అవతల, నంద్యాల జిల్లా వైపున్న సంగమేశ్వరం. ఏడు నదులు కలిసే చోటంటారు, గర్భగుడిలో వేపమొద్దు లింగం. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉంటుంది, మట్టం 840 అడుగుల కిందికి దిగితేనే గుడి పూర్తిగా బయటపడుతుంది. అంటే ఎండాకాలమే. బురద ఆరగానే పూజలు మొదలవుతాయి, ఇటు నుంచి జనం పడవల్లో పోతారు. కాకపోతే ఆ నెలల్లో మీరు ఫోటోల్లో చూసిన బీచ్ ఉండదు, పగుళ్లిచ్చిన ఒండ్రు, దూరంగా సన్నటి నీటిపాయ, నెత్తిన ఎండ. నాకైతే ఇదే ఇష్టం, మా ఇంట్లోవాళ్లు మాత్రం ఒప్పుకోరు.

ఏ కాలంలో వచ్చినా లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు, సగం రేటుకు తీసుకెళ్తామన్నా సరే. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి చాలామంది పోయారు, మా వైపు ఆ మాట ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

హైదరాబాద్ నుంచైతే జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి పది కిలోమీటర్ల లోపే. ఒడ్డున కాటేజీలున్నాయి, శని ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో వస్తే డిక్కీ ఖాళీగా పెట్టుకుని రండి, కొల్లాపూర్ మామిడి తోటల దగ్గరే పెట్టెలు దొరుకుతాయి.