కొమ్మలు కొట్టడానికి డిగ్రీ ఎందుకంటున్న తండ్రికి

‘డేటా సైన్స్‌లో సీటు చేతిలో ఉంది. మా అమ్మాయేమో చెట్ల సంరక్షణ చదువుతానంటోంది. కొమ్మలు కొట్టే పనికి డిగ్రీ ఎందుకు? రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి’ అని ఒక తండ్రి రాశారు.

కోర్సు పేరు మారుతుంది తప్ప ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. పైకి జీతం గురించి అడిగినా, లోపలి టెన్షన్ వేరు: ‘అమ్మాయి ఏం చదువుతోంది’ అని చుట్టాలడిగితే ఏం చెప్పాలి? అది మీ ఇబ్బంది. ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

కొమ్మలు కొట్టడమనే అన్నారు కాబట్టి దాని సంగతే చూద్దాం. కొమ్మ కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక మడత ఉంటుంది. కోత దానికి కాస్త ఇవతల, కొమ్మ వైపే పడాలి. కాండానికి ఆనించి నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, గాయం పెద్దదై పుచ్చు కాండంలోకి దిగుతుంది. మన చర్మంలా చెట్టుకు గాయం మానదు. దెబ్బతిన్న భాగాన్ని లోపలే కట్టడి చేసి, దాని మీదుగా కొత్త కలప పెంచుకుంటుంది. బరువైన కొమ్మకైతే ముందు కింది వైపు గాటు పెడతారు. అది లేకపోతే కొమ్మ విరిగి పడుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది.

గాలికి పడుతుందని భయపడి పెద్ద చెట్ల తలలు కొట్టేస్తుంటారు. గుబురుగా చిగుళ్లు రాగానే బతికిందని సంతోషిస్తారు. అలా వచ్చిన కొమ్మలకు పట్టు తక్కువ. పెరిగి బరువెక్కాక విరిగి పడేవి అవే. వేళ్లు కూడా చాలావరకు నేల పైపొరలోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుంటాయి. పక్కన కాలువ తవ్వి వాటిని తెంపితే, కొన్నేళ్లకు పైకొమ్మలు ఎండుతాయి. అప్పుడు తెగులనుకుని మందు కొడతారు. అసలు కారణం కనిపెట్టడానికి, చెట్టును ఉంచాలా తీసేయాలా అని బాధ్యతగా సంతకం పెట్టడానికే ఆ చదువు.

ఇక డేటా సైన్స్. సబ్జెక్టుతో నాకు పేచీ లేదు, లెక్కలు ఇష్టమైన పిల్లలు హాయిగా చేయొచ్చు. నా అనుమానమల్లా ఆ పేరు తగిలించుకుని పుట్టుకొచ్చిన కోర్సుల మీద. స్టాటిస్టిక్స్ పైపైన చెప్పి, నాలుగు టూల్స్ నేర్పి పంపిస్తే, ఆ టూల్స్ మారిన రోజు చేతిలో ఏం మిగులుతుంది? కొత్తగా చేరినవాళ్లకిచ్చే పనులు కొన్ని ఇప్పటికే ఏఐ చేసేస్తోంది. సిలబస్‌లో పునాదిలాంటి లెక్కలు, అంటే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ఎంతుందో చూశారా? చూసి ఉండరు. అందరూ చేరుతున్నారు కాబట్టి చేర్పిస్తున్నారు, అంతే.

చెట్ల పనిలో మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు. ఎత్తు, రంపం, కరెంటు తీగలు... ప్రమాదం ఉంది, దాచను. కానీ అందరూ జీవితాంతం తాళ్లు కట్టుకుని ఎక్కరు. పరీక్షించి నివేదికలు రాసేవాళ్లు, నగరాల్లో చెట్ల ప్రణాళిక చూసేవాళ్లు కూడా ఈ రంగంలోవాళ్లే. 1924లో మొదలైన చెట్ల సంరక్షణ నిపుణుల సంస్థ, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్ ఇచ్చే సర్టిఫికెట్‌కు చాలా దేశాల్లో విలువుంది. దాని పరీక్షకు మూడేళ్ల పని అనుభవమో, చదువుతో కలిపి కొంత అనుభవమో అడుగుతారు. హార్టికల్చర్ లేదా ఫారెస్ట్రీ డిగ్రీతో వెళ్తే, రేపు మనసు మారినా దారులు మూసుకుపోవు. కంగారు పడకండి.

సీటు గడువు ముగిసేలోగా, శిక్షణ పొందిన బృందం దగ్గరికి ఆమెను కొన్ని రోజులు పంపండి. చెట్టెక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. హెల్మెట్ పెట్టుకుని కింద కొమ్మలు లాగుతూ చూస్తుంది. ఇంటికొచ్చాక, ఆ రోజు ఏ చెట్టును ఎందుకు ముట్టుకోలేదో అడగండి. ఆగకుండా చెప్పుకుపోతే సీటు వదులుకోనివ్వండి. చెప్పలేకపోతే విషయం ఆమెకే అర్థమవుతుంది, మీరు అనక్కర్లేదు.