ముందు కాటా, తర్వాత గుడారం

అమ్మడూ,

నువ్వు పంపిన పికప్ బండి ఫోటో చూశాను. ఫోటో కంటే దాని కింద, దూర ప్రయాణాలకు బండికి బిగించాలని పెట్టిన జాబితానే ఎక్కువసేపు చూశాను. బండి నెత్తిన గుడారం, ముందు ఇనుప బంపరు, దిగబడిన బండిని లాగే వించి, వెనక డ్రాయర్లు, నలభై లీటర్ల ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి, స్నానానికి షవరు, మూడు డీజిల్ క్యాన్లు... లెక్కపెడితే 27 వస్తువులు తేలాయి. మీ అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇందులో చీపురు లేదే" అంది. చీపురు సంగతి తర్వాత చెబుతాను.

చేతులు మారిన బండి అయినా మంచిదే కొన్నావు. ఇసుజు వాళ్ల వి-క్రాస్ మన శ్రీసిటీలో తయారయ్యే బండి. 2016లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైనప్పుడు మా ఆటోనగర్ టీకొట్ల దగ్గర కొన్నాళ్లు అదే కబురు. చాసీ మీద కట్టిన బండి, వెనక బరువు మోసే కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాయి. కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్టుగానే లద్దాఖ్ దాకా వెళ్లి రాగలదు. దాన్ని పాడుచేసే అవకాశం ఇప్పుడు నీ చేతుల్లోనే ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్లు విజయవాడలో లారీలకు బాడీలు కట్టాను. వచ్చిన ఓనరల్లా "ఇంకో అడుగు ఎత్తు పెంచండి" అనేవాడు. "పెంచుతాను, మరి ఆ అడుగులో వేసే బస్తాల్ని మోసేదెవరు?" అని అడిగేవాణ్ని. ఇంత తెలిసినవాడిని నేనేం చేశానో విను. 2018లో స్నేహితుడితో కలిసి నా పాత డబుల్ క్యాబిన్ పికప్‌లో లేహ్ బయలుదేరాను. బయలుదేరే ముందు వెనక తొట్టిలోకి ఒక ఇనుప బీరువా చేశాను. మూడు మిల్లీమీటర్ల రేకు, యాంగ్లర్ ఫ్రేము, ఎనిమిది అరలు, ప్రతి అరకూ తాళం. షెడ్డులో చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చు దాటాక గాటా లూప్స్ వస్తాయి, వరసగా 21 మలుపులు. పదో మలుపో పదకొండో మలుపో గుర్తులేదు, వెనక ఎడమవైపు ఫట్ మని చప్పుడైంది. బండి ఆ వైపు కూలబడింది. దిగి చూస్తే ప్రధాన కట్ట రెండు ముక్కలు.

గంట తర్వాత పంజాబు లారీ ఒకటి ఆగింది. ఆ డ్రైవరు కింద దూరి కట్ట చూశాడు, లేచి నిలబడి బీరువా చూశాడు, నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. తన లారీ టైరు కింద పెట్టుకునే చెక్కను తెచ్చి యాక్సిలుకూ చాసీకీ మధ్య ఇరికించాడు. విరిగిన కట్ట వెంబడి టైరు తీసే కడ్డీని పెట్టి బైండింగు వైరుతో చుట్టాడు, పైన మోకుతో బిగించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "బరువు దించు చాచా" అని వెళ్లిపోయాడు. మనిషి నడిచే వేగంతో వెనక్కి సర్చు చేరాం. కీలాంగ్ నుంచి మరో కట్ట వచ్చి బండి కదలడానికి మూడు రోజులు పట్టింది. బీరువాను ఆ కట్ట బిగించిన మెకానిక్కుకే ఇచ్చేశాను, పానాలు పెట్టుకుంటాడని.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. మూడు మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు ఇరవై మూడున్నర కిలోలు తూగుతుంది. నాకు పట్టింది ఏడు చదరపు మీటర్లు. అంటే ఫ్రేము కాకుండా రేకు ఒక్కటే 160 కిలోల పైమాట. అదే లెక్కతో ముప్పై ఏళ్లు బిల్లులు రాసినవాణ్ని, నా బండికి మాత్రం వేసుకోలేదు.

నువ్వు ఏదీ కొనకముందే బండిని లారీలు తూచే కాటాకు తీసుకెళ్లు. ట్యాంకు నిండుగా ఉండాలి, తొట్టి ఖాళీగా ఉండాలి. ఒకసారి మొత్తం బండి తూయించు, ఇంకోసారి వెనక చక్రాలు మాత్రం కాటా మీద ఉండేలా తూయించు. బండికి బిగించిన ప్లేటు మీద కంపెనీ అనుమతించిన గరిష్ఠ బరువు ఉంటుంది. అందులోంచి కాటా చీటీ బరువు తీసేస్తే నీకు మిగిలేది తెలుస్తుంది. ఆ అంకె చూసి కంగారుపడతావు. చూడటానికి టన్ను మోసేలా ఉన్నా, కుటుంబాల కోసం అమ్మే పికప్‌లకు రాసిన మోత అంత ఉండదు. మిగిలినదాంట్లోంచి ముందు నీ బరువు, మీ ఆయన బరువు తీసెయ్యి. నీళ్లు లీటరుకు కిలో, నలభై లీటర్లు. గుడారం అరవై కిలోలకు అటూ ఇటూ. తొట్టి మీద ఫైబరు కప్పు ఇంకో అరవై. ఫ్రిజ్, అందులోని సరుకూ కలిపి ముప్పై పైన. వించి, దాన్ని మోసే ఇనుప బంపరు కలిపితే ఒక మనిషి బరువు దాటుతాయి. జాబితాలో పదో వస్తువు దగ్గరికి వచ్చేసరికే నీ అంకె సున్నా అవుతుంది.

"అదనంగా ఒక కట్ట వేయిస్తే పోలేదా మామయ్యా" అని మీ ఆయన అడుగుతాడు, నాకు తెలుసు. కట్ట వేస్తే వెనక కూలబడటం తగ్గుతుంది. బ్రేకులూ యాక్సిలూ చాసీ మాత్రం పాతవే కదా? కట్టలు గట్టిపడి, బరువంతా వెనక చివరన వేలాడి, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య చాసీ వంగిపోయిన పికప్‌లను మా షెడ్డుకు తెచ్చేవాళ్లు. వాటిని నిలబెట్టడం నడుము విరిగిన మనిషిని నిలబెట్టినట్టే. బండిలో అదనంగా వంద కిలోలు ఎప్పుడూ ఉంటాయని ఖాయమయ్యాక, ఆ వందకు తగ్గ కట్టలు వేయించుకో, తప్పులేదు. ఈలోగా బరువైనవి వెనక చక్రాలకు ముందుగా, క్యాబిన్‌కు ఆనించి, కిందికంటా సర్దు. నీళ్ల క్యాన్లు వెనక తలుపు దగ్గర పెట్టకు. సరిగా సర్దావో లేదో రాత్రి తెలుస్తుంది: ఎదురుగా వచ్చేవాళ్లు నీ లైట్లు కళ్లలో పడుతున్నాయని హారన్ కొడుతుంటే నీ వెనక భాగం దిగిపోయినట్టు.

పడుకోవడం సంగతి. ఈ రకం బండి తొట్టి అయిదడుగులకు అటూ ఇటూ ఉంటుంది. తలుపు మూసుకుని కాళ్లు చాపుకుని పడుకోవాలంటే నీకే కుదరదు, ఆరడుగుల అల్లుడి మాట చెప్పనక్కరలేదు. అందుకే అందరూ నెత్తిన గుడారం వైపు చూస్తారు. అది హాయిగానే ఉంటుంది, కాదనను. లక్ష దాటే ధర, అరవై కిలోల బరువు, అదీ బండి నెత్తిన. మలుపుల్లో బండి ఎంత ఒరుగుతుందో మొదటి ఘాటులోనే తెలుస్తుంది. తప్పదనుకుంటే క్యాబిన్ కప్పు మీద కాకుండా తొట్టి మీద తక్కువ ఎత్తులో స్టాండు చేయించి దానిపై బిగించు. నా మాట వింటే మొదటి ఏడాది నేల మీద వేసే మామూలు గుడారం కొనుక్కో. గండికోటకో లంబసింగికో నాలుగైదు సార్లు వెళ్లి పడుకో. ఏది లేక ఇబ్బంది పడ్డావో ప్రతి రాత్రీ ఒక పుస్తకంలో రాసుకో. ఆ పుస్తకమే నీ అసలు జాబితా.

కరెంటు విషయంలో నీ జాబితా మరీ ధీమాగా ఉంది. ఇండక్షన్ పొయ్యి 1,800 వాట్లు అనుకో. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి అది 150 ఆంపియర్లు లాగుతుంది. బొటనవేలు లావు తీగ కావాలి. వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ మొత్తం ఖాళీ అవడానికి ముప్పావు గంట కూడా పట్టదు. పప్పు ఉడికేలోపే చీకటి. అదే బ్యాటరీ నలభై లీటర్ల ఫ్రిజ్‌ను రెండు రోజులు నడుపుతుంది. కాబట్టి ఫ్రిజ్‌కూ లైటుకూ ఫోన్లకూ రెండో బ్యాటరీ పెట్టుకో, బండి నడుస్తున్నప్పుడు దాన్ని నింపే ఛార్జరు పెట్టించు. బండి స్టార్టు చేసే బ్యాటరీ జోలికి మాత్రం వెళ్లకు. రెండు జాగ్రత్తలు. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. చాసీకి రాసుకుని తీగ తోలు ఊడితే, ఫ్యూజు లేని బండి నిలువునా తగలబడుతుంది. రెండోది, లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే పాడవుతుంది. అది తొట్టిలో కాకుండా క్యాబిన్‌లో సీటు వెనక ఉండాలి.

వంటకు గ్యాసు చాలు. అయిదు కిలోల సిలిండరు, ఒక పొయ్యి, గాలి అడ్డుకోవడానికి రేకు ముక్క. ఇవి కాక తప్పనిసరిగా ప్రెషర్ కుక్కరు. ఎత్తుకు వెళ్లేకొద్దీ, సుమారు ప్రతి మూడువందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు, అక్కడ 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు తెల్లారేదాకా మరుగుతూనే ఉంటుంది, ఉడకదు. సర్చులో మూడు రోజులూ మేము కందిపొడి, గోంగూర పచ్చడి, నానబెట్టిన అటుకులతో గడిపాం. ఇంకో మాట, ఇది మాత్రం మర్చిపోకు. చలిగా ఉందని మూసిన కప్పు కింద, గుడారంలో, బండిలో పొయ్యి వెలిగించవద్దు. వేడికోసం ఇంజను నడుపుతూ నిద్రపోవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోంచి లేవనివ్వదు.

చీపురు సంగతికి వద్దాం. మట్టిరోడ్డు మీద బండి పోతుంటే వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి లాగుతుంది. వెనక తలుపు చుట్టూ ఉన్న సందులన్నీ దానికి దారులే. సందులకు రబ్బరు పట్టీలు అంటించు. ఫైబరు కప్పుకు ముందువైపు మూసి తెరిచే చిన్న గాలి కిటికీ పెట్టించు. బండి పోతున్నప్పుడు దాన్ని కొద్దిగా తెరిస్తే లోపల గాలి ఒత్తిడి పెరిగి దుమ్మును బయటికే నెడుతుంది. అయినా కొంత వస్తుంది. మొదటి సాయంత్రమే పరుపు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంటుంది. అత్తయ్య మాట నిజం.

టైర్లకు డబ్బు ఖర్చుపెట్టు, అక్కడ పొదుపు వద్దు. కంపెనీ సైజులోనే, రాళ్లనూ మట్టినీ తట్టుకునే రకం చూసుకో. సైజు పెంచితే స్పీడోమీటరు తప్పు చూపుతుంది, ఇంజను మీద భారం పడుతుంది. గాలి కొట్టే చిన్న కంప్రెసరు, పంచరు సామాను, మంచి స్టెప్నీ. జాకీని ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూడు. వించి మానేసి పార, ఇసుకలో పరిచే రెండు పలకలు, లాగే పట్టీ పెట్టుకో. పట్టీని చాసీకి బిగించిన గట్టి కొక్కేనికే తగిలించు. సామాను కట్టే సన్న కొక్కేలకు తగిలిస్తే అవి ఊడి తూటాల్లా వస్తాయి.

మూడు డీజిల్ క్యాన్లు ఎందుకు? మనాలి నుంచి వెళ్లేటప్పుడు టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లని బోర్డు ఉండేది. అందరూ అక్కడే భయపడేవాళ్లు. ట్యాంకు నింపుకుంటే నీ బండి అంత దూరం తేలిగ్గా పోతుంది. ఒక్క ఇరవై లీటర్ల క్యాను ధైర్యానికి చాలు.

ఇనుప బంపరు జాబితాలోంచి ఇప్పుడే కొట్టెయ్యి. అలాంటి గార్డులు వద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగా పనిచేయకుండా చేస్తుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే నేను నీకు చేసే ప్రతిదీ నాలుగు బోల్టులు విప్పితే ఊడివచ్చేలా చేస్తాను. వెల్డింగు అడగకు. బీమా కంపెనీకి ముందే చెప్పి పెట్టు. శ్రీశైలం అడవిలో గుడారం వేస్తానని రాశావు. అది పులుల అభయారణ్యం, అక్కడ వేయకూడదు. ఆ ఘాటు రోడ్ల మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లనే వదలరు.

డ్రాయర్లు మాత్రం నేనే చేస్తాను. ఈసారి పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్, అల్యూమినియం మూలలు. బీరువా పేరెత్తి ఏడిపించకు. వచ్చే నెల రెండో శనివారం బండి తీసుకుని రండి, ట్యాంకు నింపుకుని, తొట్టి ఖాళీ చేసుకుని. ఇంటికి రాకుండా నేరుగా ఆటోనగర్ గేటు దగ్గర కాటాకు రా, మధ్యాహ్నం దాటితే లారీల వరస పెరిగిపోతుంది. నేను అక్కడే ఉంటాను. అత్తయ్య పులిహోర కట్టిస్తానంది. చీపురు ఇప్పటికే కొని తలుపు వెనక పెట్టింది.

ఆశీస్సులతో,
మామయ్య