సోల్డరింగ్‌లో తిరిగిన చెయ్యి వెల్డింగ్‌లో ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: సర్క్యూట్ బోర్డుల సోల్డరింగ్‌లో నాకు బాగానే చెయ్యి తిరిగింది. ఈమధ్య చిన్న ఇన్వర్టర్ మెషిన్‌తో ఆర్క్ వెల్డింగ్ మొదలుపెట్టాను. రాడ్ మాటిమాటికీ అతుక్కుపోతోంది. బాగా పడిందనుకున్న వెల్డ్ కూడా సుత్తితో ఒక్కటేస్తే ఊడిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: సోల్డరింగ్‌లో రాగి కరగదు. 63/37 తగరం–సీసం తీగ (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి, తనంతట తానే సందులోకి పాకుతుంది. వెల్డింగ్‌లో అలా పాకేది ఏదీ లేదు. రెండు ముక్కల అంచులూ కరిగి కలవాలి. ఉక్కుకైతే దాదాపు 1500 డిగ్రీలు. మీ వెల్డ్ ఊడుతోందంటే రాడ్ లోహం పైన పేరుకుందే గానీ కింది ఇనుము కరగలేదన్నమాట.

కొన్నాళ్లు జాయింట్ల జోలికి పోకండి. 5 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేటు మీద వరసగా వెల్డ్ గీతలు వేయండి. తుప్పు, రంగు గ్రైండర్‌తో పూర్తిగా తీసేయాలి, ఎర్త్ క్లాంప్ (మెషిన్ రెండో తీగను ప్లేటుకు కలిపే పట్టుకారు) పట్టే చోట కూడా. 2.5 మి.మీ. 6013 రకం రాడ్‌కి 80 ఆంప్స్‌తో మొదలుపెట్టండి. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, ఆర్క్ (రాడ్ కొనకీ ప్లేటుకీ మధ్య వెలిగే విద్యుత్ మెరుపు) లేవగానే కొనను 2–3 మి.మీ. ఎత్తులో నిలపండి. తగిలితే అతుక్కుంటుంది, మరీ ఎత్తితే చిటపటమని చిమ్ముతుంది, వేడి కిందికి దిగదు. అతుక్కుంటే మెలితిప్పి లాగండి, రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్‌ని వదిలేయండి.

సోల్డరింగ్ చేసినవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సోల్డరింగ్ ఐరన్ పొడవు మారదు కాబట్టి చెయ్యి ఒకే ఎత్తులో ఉండడానికి అలవాటు పడింది. రాడ్ అలా కాదు, కాలుతూ కురచవుతుంది. చెయ్యి ముందుకు జరుగుతూనే కిందికీ దిగుతుండాలి. రాడ్ పైభాగాన్ని వెళ్లే దిక్కుకి 10–15 డిగ్రీలు వాల్చండి. చూపు ఆర్క్ వెలుగు మీద కాదు, దాని వెనకున్న కరిగిన మడుగు మీద ఉండాలి. మడుగు సుమారు 6 మి.మీ. వెడల్పయ్యాకే కదలండి. స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడే పెంకు) కొట్టి చూస్తే తాడులా ఉబ్బిన గీత కరెంటు చాలలేదని చెబుతుంది. అంచుల వెంట గాడి పడితే ఎక్కువైంది.

10 లేదా 11 నంబర్ అద్దమున్న హెల్మెట్, తోలు గ్లవ్స్, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు లేకుండా ఆర్క్ వెలిగించొద్దు. ఆర్క్ వెలుగుకి కళ్లు దెబ్బతిన్నా, నొప్పి కొన్ని గంటల తర్వాతే మొదలవుతుంది. జింకు పూత ఉన్న ఇనుముతో సాధన వద్దు, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది.

గీతలు కుదిరాక రెండు ముక్కలను టీ ఆకారంలో నిలిపి ఒకవైపే వెల్డ్ చేయండి. చల్లారాక నిలువు ముక్కను వెల్డ్ వైపే వంగేలా సుత్తితో కొట్టి విరవండి. మూలలో ముక్క అసలు అంచు పదునుగా, చెక్కుచెదరకుండా కనిపిస్తే అక్కడ ఇనుము కరగలేదు. 5 ఆంప్స్ పెంచి, ఆర్క్ ఇంకొంచెం దగ్గరగా పట్టి మళ్లీ వేయండి.