సోషల్ మీడియా అవగాహన ప్రచారాలతో నిజంగా ఏమైనా మారుతుందా?

మారుతుంది, కానీ పోస్టు చూసినవాళ్లు వెంటనే చేయగల పని అందులో ఒకటి ఉంటేనే. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ అందుకే నడిచింది: నెత్తిన ఐసు నీళ్లు పోసుకో, లేదా డబ్బివ్వు, తర్వాత చేయాల్సిన ముగ్గురి పేర్లు చెప్పు, వాళ్లకు 24 గంటలే గడువు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థకు ఆ వేసవిలో దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు కొంత అందిన పరిశోధనలోనే 2016లో ఎన్ఈకే1 జన్యువుకు ఆ జబ్బుతో ఉన్న సంబంధం తేలింది. అదే ఏడాది, 2014లో, హైదరాబాద్‌లో పుట్టిన రైస్ బకెట్ ఛాలెంజ్‌లోనూ పని ఒక్కటే: బకెట్ బియ్యం అవసరమున్నవాళ్లకివ్వడం. డీపీ మార్చమనే ప్రచారాల్లో అలాంటి పనేమీ ఉండదు, వారానికే చల్లబడతాయి.

మన దగ్గర బాగా చెడిపోయేది రక్తం కావాలనే వాట్సాప్ ఫార్వర్డ్. దాని మీద తేదీ ఉండదు. పేషెంటు ఇంటికెళ్లిపోయినా ఆ నంబరుకు ఫోన్లు ఆగవు. బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, రక్తమా ప్లేట్‌లెట్లా, ఆస్పత్రి, ఊరు, తేదీ, ఏ టైములోపు కావాలో రాయండి. దొరకగానే అవే గ్రూపుల్లో 'అవసరం తీరింది' అని పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

రక్తదాన శిబిరాలకైతే ఒక్కరోజు జనం విరగబడి రావడం గొప్పేమీ కాదు. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు. రక్తమిచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. కాబట్టి లైకులు వదిలేసి, 4 నెలల తర్వాత ఎంతమంది తిరిగొచ్చారో బ్లడ్ బ్యాంకులో అడగండి.