సుత్తి తీసేయ్, తీర్పులు చదువు

కడప

నాయనా,

నువ్వు పంపిన జడ్జిగారి జీవితకథ చదివినాను. ప్రొద్దుటూరు నుంచి ఆయన బదిలీ మీద వెళ్లే అధ్యాయం బాగుంది. మిగతాది చదువుతుంటే కోపమొచ్చింది. ఆయన చేతికి సుత్తి ఇచ్చినావు. మన కోర్టుల్లో జడ్జి సుత్తి కొట్టడు, అది సినిమా సరుకు. 1955లో ఆయన కర్నూలు హైకోర్టులో వాదించినారని రాసినావు. అప్పుడు కర్నూలు రాజధాని. హైకోర్టు మాత్రం 1954 జూలై నుంచి గుంటూరులో ఉండేది, 1956 నవంబరులో హైదరాబాదుకు పోయింది. కర్నూలు వకీలు హైకోర్టు అప్పీలుకు గుంటూరు పోవాల్సిందే.

ఇంత కథలో ఆయన తీర్పుల్లోంచి ఒక్క వాక్యమైనా లేదు! నిష్పక్షపాతి, నిరాడంబరుడు అని సన్మానపత్రం రాసినావు. జడ్జి జీవితం తీర్పుల్లోనే ఉంటుంది. మన సీమ హత్య కేసు ఒకటి తీసుకో. ప్రత్యక్ష సాక్షి అడ్డం తిరిగితే పీపీ, అంటే ప్రభుత్వ వకీలు, కోర్టు అనుమతితో తన సాక్షినే క్రాస్ చేస్తాడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. అంతమాత్రాన ఆ సాక్ష్యమంతా కొట్టుకుపోదు. నమ్మదగిన ముక్క ఏదో జడ్జి ఏరాలి, ఎందుకు నమ్మినారో రాయాలి. పాతకక్ష ఉన్న సాక్షి మాటను కక్ష ఉందని తోసేయకూడదు, మరింత జాగ్రత్తగా తూచాలి. ఆ కారణాలు రాసిన పేరాల్లోనే మనిషి దొరుకుతాడు. సరిగ్గా ఆ పేజీలనే మన సంపాదకులు 'నడక మందగించింది' అని కోసేస్తారు. వాళ్లకు అరుపులు కావాలి. నువ్వు కోయనీయకు.

నీ 1980 నాటి కేసులో దోషి అన్న నోటితోనే ఉరి వేయించినావు. 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమలయినాక, శిక్ష గురించి ముద్దాయి చెప్పుకునేది విడిగా వినాలి. పైగా సెషన్స్ జడ్జి వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు చేయరు.

పుస్తకం ఎవరు వేస్తారనే సంగతి తర్వాత. ముందు ఆయన తీర్పిచ్చిన కోర్టులో తీర్పు నకలుకు అర్జీ పెట్టు. కేసు నంబరు, తీర్పు తేదీ రాయి. తీర్పు చివర సాక్షుల పట్టిక, సాక్ష్యంగా మార్క్ చేసిన కాగితాల పట్టిక ఉంటాయి. క్రిమినల్‌లో ప్రభుత్వం తరఫువాటికి పి-1, ముద్దాయి తరఫువాటికి డి-1 అనీ, సివిల్‌లో వాదివాటికి ఎ-1, ప్రతివాదివాటికి బి-1 అనీ వేస్తారు. ముందు అవి చూసి, తర్వాత మొదటి పేజీకి రా. ఏ కాగితాన్ని ఆయన పట్టుకున్నారో, దేన్ని పక్కన పెట్టినారో తెలుస్తుంది. హైకోర్టు తిరగగొట్టిన ఆయన తీర్పు ఒకటైనా వెతుకు. దాన్ని దాచకుండా ఒక అధ్యాయం రాసి, అది మాత్రం నాకు పంపు.