కణత్వచాన్ని మొక్కల యాంటీ ఆక్సిడెంట్లు ఎలా కాపాడతాయి, అందుకు క్యాప్సూల్ అవసరమా?

విటమిన్ ఇ, పసుపు సారం, మిరియాల సారం కలిపిన ఒక క్యాప్సూల్ డబ్బా మీద "కణాల పొరలను ఆక్సీకరణ నుంచి రక్షిస్తుంది" అని రాసి ఉందనీ, ఆ రక్షణ అసలు ఎలా జరుగుతుందో తెలుసుకోవాలని ఉందనీ, రక్తం పలచబడే మందు వాడుతున్న మీ నాన్నగారికి దాన్ని ఇవ్వవచ్చో లేదో చెప్పమనీ అడిగారు. నేను బెంగళూరులో ఒక జీవరసాయన ప్రయోగశాలలో చాలాకాలం సరిగ్గా ఈ విషయం మీదే పనిచేశాను. వైద్యురాలిని కాను కాబట్టి, మొదటి ప్రశ్నకు వివరంగానూ, రెండోదానికి నాకు తెలిసినంత మేరకూ జవాబు రాస్తున్నాను.

కణత్వచం అంటే కణాన్ని చుట్టి ఉండే పొర, ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు జాతి అణువులు తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని రెండు వరుసలుగా పేర్చుకున్న పొర. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. ఆ తోకలే కొవ్వు ఆమ్లాలు. పొర బిగుసుకుపోకుండా కదలికతో ఉండాలంటే వాటిలో కొన్నింటికి ద్విబంధాలు ఉండక తప్పదు: లినోలిక్ ఆమ్లంలో రెండు, అరకిడోనిక్ ఆమ్లంలో నాలుగు, మెదడులోనూ కంటి రెటీనాలోనూ సమృద్ధిగా ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం డీహెచ్‌ఏలో ఆరు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. రెండు ద్విబంధాల నడుమ ఉన్న కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉండే హైడ్రోజన్ చాలా తేలికగా ఊడివస్తుంది. పొరకు మెత్తదనాన్ని ఇచ్చే నిర్మాణమే దాని బలహీనత కూడా.

ఆ హైడ్రోజన్‌ను లాక్కునేవి ఫ్రీ రాడికల్స్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉండి ఇతర అణువులతో ఇట్టే చర్య జరిపేవి. వాటిలో అతి తీవ్రమైనది హైడ్రాక్సిల్ రాడికల్. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఫెర్రస్ ఇనుముతో (రెండు ధనావేశాలున్న ఇనుముతో) కలిసినప్పుడు అది పుడుతుంది. ఈ జంటకున్న ఆక్సీకరణ శక్తిని 1894లోనే హెన్రీ ఫెంటన్ వర్ణించారు. హైడ్రోజన్ పోగొట్టుకున్న కొవ్వు ఆమ్లం వెంటనే ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సిల్ రాడికల్‌గా మారుతుంది, అది పక్కనున్న కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, ఆ పక్కది మళ్ళీ అదే పని చేస్తుంది. వరుసగా ఉన్న పూరిళ్ళలో ఒకదానికి నిప్పంటుకుంటే మిగతావాటికి ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. చివరకు తోకలు తెగి, మాలాన్ డై ఆల్డిహైడ్ వంటి ముక్కలుగా విడిపోతాయి. పొరలో నుంచి అయాన్లు కారడం మొదలవుతుంది, అందులో ఇమిడి ఉన్న ప్రోటీన్లు కూడా దెబ్బతింటాయి. తెరిచి పెట్టిన నూనె సీసాకు కొన్నాళ్ళకు పట్టే పాత వాసనకు కారణం కూడా ఈ రసాయన చర్యే.

దీన్ని ప్రయోగశాలలో కళ్ళారా చూడవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ వేసిన గొట్టంలోకి రక్తం తీసుకుని, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఎర్ర రక్తకణాలను చల్లని ఉప్పు ద్రావణంతో పలుమార్లు కడిగి, తర్వాత బాగా పలుచని బఫర్‌లో వేస్తే అవి ఉబ్బి పగిలిపోతాయి. హీమోగ్లోబిన్‌ను కడిగేసేకొద్దీ గొట్టం అడుగున ఎరుపు తగ్గి, లేత తెల్లటి మెత్తని ముద్ద మిగులుతుంది. అది ఒట్టి కణత్వచం. దానికి ఇనుము, విటమిన్ సి చేర్చి 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాత థయోబార్బిట్యూరిక్ ఆమ్లం వేసి మరిగే నీటిలో నిలబెడితే, ఎంత కొవ్వు చెడిందో అంత గులాబీ రంగు వస్తుంది. ఆ రంగును 532 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఏ రక్షణా లేని గొట్టం ముదురు గులాబీగా మారితే, ముందుగా టోకోఫెరాల్ (విటమిన్ ఇ) పట్టించిన పొర ఉన్న గొట్టం దాదాపు రంగులేకుండా ఉండిపోతుంది. నేరేడు తొక్క వంటి రంగు సారాలను పరీక్షించేటప్పుడు ఆ సారం సొంత రంగును వేరే గొట్టంలో కొలిచి తీసివేయాలి, లేకపోతే అంకెలన్నీ తారుమారవుతాయి.

టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ. దీని ఉనికిని 1922లో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ గుర్తించారు. దాని పనితనం రహస్యం దాని ఆకారంలో ఉంది. పొడవాటి కొవ్వు తోక పొర లోపల దిగబడి ఉంటుంది, తల వంటి వలయం పొర పైభాగానికి దగ్గరగా నిలుస్తుంది. ఆక్సిజన్ చేరిన పెరాక్సిల్ రాడికల్ నీటివైపు తేలి వచ్చే స్వభావం కలది కాబట్టి, సరిగ్గా ఆ వలయం దగ్గరికే వస్తుంది. పక్కనున్న కొవ్వు ఆమ్లంతో చర్య జరిపే వేగం కంటే సుమారు 1,000 రెట్లు ఎక్కువ వేగంతో అది టోకోఫెరాల్ నుంచి హైడ్రోజన్ తీసుకుని శాంతిస్తుంది. అందుకే వందలు, వేల కొవ్వు అణువుల మధ్య ఒక్క టోకోఫెరాల్ ఉన్నా గొలుసు తెగిపోతుంది. మొక్కలు దీన్ని తయారుచేసుకునేది తమ కోసమే. నిలువెండలో పనిచేసే పత్రహరితపు పొరలకు ఈ రక్షణ లేకపోతే మనుగడ కష్టం.

హైడ్రోజన్ ఇచ్చేసిన టోకోఫెరాల్ తాను కూడా రాడికల్ అవుతుంది, అయితే అది మందకొడిది. పొర అంచున నీటిలో ఉండే విటమిన్ సి దానికి హైడ్రోజన్ ఇచ్చి మళ్ళీ పాత రూపానికి తెస్తుంది. ఈ చర్యను 1979లో ప్యాకర్, స్లేటర్, విల్సన్ నేరుగా కొలిచి చూపించారు. ఆ విటమిన్ సిని తిరిగి నిలబెట్టేది మన కణం తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు. ఇక్కడ ఒక విషయం గమనించండి: పైన చెప్పిన గొట్టంలో నష్టాన్ని మొదలుపెట్టడానికి మేము వేసింది ఆ విటమిన్ సినే. విడిగా ఉన్న ఇనుము పక్కన అది ఇనుమును ఫెర్రస్ రూపంలో నిలిపి ఉంచి, హాని పెంచుతుంది. శరీరంలో ఇనుమును ప్రోటీన్లు బంధించి ఉంచుతాయి కాబట్టి అక్కడ దాని పాత్ర వేరు. ఒక పదార్థాన్ని యాంటీ ఆక్సిడెంట్ అని పిలవాలంటే అది ఎక్కడుంది, దాని పక్కన ఏముంది అన్నవి చెప్పకుండా కుదరదని నేను గట్టిగా నమ్మడానికి ఈ గొట్టాలే కారణం.

క్యారట్, టమాటా, ఆకుకూరల్లోని కెరోటినాయిడ్లు పొర మధ్యభాగంలో ఉండి, ముఖ్యంగా వెలుతురు వల్ల పుట్టే, మామూలు ఆక్సిజన్ కంటే చాలా చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్‌ను చల్లారుస్తాయి. ఇవి కొవ్వులో కరిగేవి కాబట్టి నూనె లేని కూర నుంచి ఒంటికి పట్టేది తక్కువ.

ఉల్లిలోని క్వెర్సెటిన్, టీలోని కేటకిన్లు, పసుపులోని కర్క్యుమిన్ వంటి పాలీఫినాల్స్ విషయంలోనే డబ్బాల మీది మాటలకూ వాస్తవానికీ దూరం ఎక్కువ. డీపీపీహెచ్ అనే ఊదారంగు రసాయనాన్ని పసుపుపచ్చగా మార్చే పరీక్షలో ఇవి గొప్పగా నిలుస్తాయి, కాని ఆ గొట్టంలో పొర లేదు, పేగు లేదు, కాలేయం లేదు. ఆ పరీక్షలో చక్కగా పనిచేసిన ఆకు సారాలు కణత్వచం దగ్గరికి వచ్చేసరికి నామమాత్రంగా మిగిలిపోవడం నేను అనేకసార్లు చూశాను. ఇటువంటి పరీక్షల అంకెలను ప్రకటనల్లో దుర్వినియోగం చేస్తున్నారనే అమెరికా వ్యవసాయశాఖ 2012లో తన ఓరాక్ పట్టికను (ఆహారాల యాంటీ ఆక్సిడెంట్ శక్తిని గొట్టంలో కొలిచిన అంకెల జాబితాను) వెబ్‌సైటు నుంచి తొలగించింది. తిన్న పాలీఫినాల్స్‌లో రక్తంలోకి చేరేది కొంచెమే. అవి నేరుగా రాడికల్స్‌ను పట్టుకోవడం కంటే, కణం సొంత రక్షణ ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకునేలా సంకేతం ఇవ్వడం ద్వారానే పనిచేస్తాయన్న వివరణ నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

మీ డబ్బాలో మిరియాల సారం ఎందుకుందో చెప్పే పరిశోధన మన బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ నుంచే 1998లో వెలువడింది. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపెరిన్ (మిరియాలకు ఘాటునిచ్చే పదార్థం) ఇచ్చినప్పుడు మనుషుల్లో కర్క్యుమిన్ లభ్యత, అంటే రక్తంలోకి చేరే పరిమాణం, 2,000 శాతం పెరిగింది. అయితే కర్క్యుమిన్‌ను మార్చి బయటికి పంపే కాలేయ ప్రక్రియలను నెమ్మదింపజేసే పిపెరిన్, కొన్ని మందుల విషయంలోనూ అలాగే ప్రవర్తించగలదు. మందులు వాడేవారి విషయంలో దీన్ని తేలికగా తీసుకోకూడదు.

ఇక మోతాదు సంగతి. 100 గ్రాముల బాదంపప్పులో ఉండే విటమిన్ ఇ సుమారు 25 మిల్లీగ్రాములు, దుకాణాల్లో దొరికే ఒక క్యాప్సూల్‌లో తరచుగా 400. పొరలో చోటు పరిమితం కాబట్టి, ఇంతింత పోసినందువల్ల రక్షణ అదే లెక్కన పెరగదు. 35 వేలకు పైగా పురుషుల మీద జరిగిన సెలెక్ట్ అనే వైద్య పరిశోధనలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో ప్రకటించారు. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులకు బీటా కెరోటిన్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లోనే తేలింది. వేరుశనగ, నువ్వులు, బాదం, కొద్ది నూనెతో వండిన తోటకూర (బెంగళూరు మార్కెట్లలో దంటు సొప్పు అని అమ్మేది కూడా అదే), ఉసిరి, జామ రోజువారీ భోజనంలో ఉన్నవారికి పొరలకు కావలసినంత టోకోఫెరాల్, దాన్ని తిరిగి నిలబెట్టే విటమిన్ సి రెండూ అందుతాయి. పదేపదే కాచిన నూనెలో మాత్రం టోకోఫెరాల్ ఖర్చైపోయి పెరాక్సైడ్లు మిగులుతాయి. ఒకసారి వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ వాడవద్దని మీ ఇంట్లో చెప్పండి.

నాన్నగారికి ఆ క్యాప్సూల్ ఇప్పుడే మొదలుపెట్టకండి. ఎక్కువ మోతాదు విటమిన్ ఇ, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది. రక్తం పలచబడేందుకు ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారిలో రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. డబ్బాను వెంట తీసుకెళ్ళి, దాని మీద ఉన్న మోతాదులను ఆ మందు రాసిన డాక్టరుగారికే చూపించండి. ఇప్పటికే కొన్ని వేసుకుని ఉంటే ఆ మాట కూడా చెప్పి, ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసేది) ముందుగా చేయించాలేమో అడగండి. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ కనుక, వాటిని ఒక్కసారిగా పెంచడం గానీ మానేయడం గానీ చేయకుండా, ఆయన ఇన్నాళ్ళూ తింటున్నట్టే తిననివ్వండి.