పాటల ముచ్చట్లు: ఆ నవ్వు నవ్వాలంటే ముందు అన్నం తినాలి

ప్రశ్న: మా వాడికి పదేళ్లు. అర్థంపర్థం లేని తమాషా పాట ఒకటి పట్టుకుని పొద్దస్తమానం అదే గోల. ఘంటసాల పాటలు వింటూ పెరిగిన నాకు చిరాకుగా ఉంది. వీటిలో ఏముందని జనం ఎగబడతారు? మీకు నచ్చినవీ ఉన్నాయా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఘంటసాల పేరెత్తారు కాబట్టి అక్కడే మొదలుపెడతానమ్మా. 'మాయాబజార్'లో 'అహ నా పెళ్ళియంట' గుర్తుందా? మాయా శశిరేఖ సిగ్గులు ఒలకబోస్తూ సుశీల గొంతుతో పాడుతుంటుంది. మధ్యలో లోపలి ఘటోత్కచుడు ఆగలేక మగగొంతుతో బయటపడతాడు. ఆ గొంతు ఎవరిదనుకున్నారు? ఘంటసాలదే! మీరూ తమాషా పాటలు వింటూనే పెరిగారు, మీ వాడికి మాత్రం చెప్పకండి.

నేను అనంతపురంలో ఇరవై రెండేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో పాడాను. మెలోడీలన్నీ మెయిన్ సింగర్‌వి, నా వాటాకు కామెడీ పాటలు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఒకటి గమనించాను. ఆయన ప్రేమపాట పాడుతున్నంతసేపూ జనం పలకరింపుల్లో ఉండేవాళ్లు. నేను 'అయ్యయో చేతిలో డబ్బులు పోయెనే' అని ఎత్తుకుంటే చాలు, వెనక వరసలో పేకాడేవాళ్లు తలెత్తి తర్వాతి ముక్క వాళ్లే వేసేవాళ్లు. 1962లో వచ్చిన 'కులగోత్రాలు'లోది ఆ పాట. కొసరాజు రాస్తే మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు పాడారు. మంచి గొంతు లేనివాడు కూడా సిగ్గుపడకుండా అందుకోగల పాట. మీ వాడికి దొరికిందీ అదే. ఇంట్లో ఎవరూ 'నీకు శ్రుతి లేదురా' అనలేని పాట.

నాకు నచ్చినవి అంటారా? 'రాముడు భీముడు' (1964)లో 'సరదా సరదా సిగిరెట్టు'. ఇదీ కొసరాజుదే. మగగొంతు సిగిరెట్టును మెచ్చుకోవడం, ఆడగొంతు దులిపెయ్యడం. క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు అంటే యాక్టర్లు కాదన్నారని ఆ రోజుల్లోనే ఒక చురక వేశాడు. ప్రాస కోసం వేసినట్టుంటుంది, తగలాల్సిన చోట తగులుతుంది. జమునారాణి గొంతులో ఆ విసురు వినండి. మా ట్రూపులో అది పట్టుబడిన అమ్మాయి ఒక్కతే, ఆ అమ్మాయికి పెళ్లయ్యాక పాట లిస్టులోంచి తీసేశాం.

అన్నిటికన్నా ఇష్టమైనది 'మాయాబజార్'లో ఘటోత్కచుడు పాడే 'వివాహ భోజనంబు'. దాని నవ్వు కోసం నెలరోజులు బాత్‌రూంలో సాధన చేశాను. మొదటిరోజు మా ఆవిడ ఏమైందోనని తలుపు బాదింది. ఆ నవ్వు ఊరికే నవ్వడం కాదు, ప్రతి 'హ' తాళంలో పడాలి. ఊపిరి అంతా నవ్వులోనే ఖర్చయిపోతే పై చరణానికి మిగలదు. పైగా పాడేవాడికి నిజంగా నవ్వొచ్చిందో, పాట పోయినట్టే.

ఒకసారి తాడిపత్రిలో పెళ్లి. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి పుట్టిన ఊరు, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునే పాడాను. మొదటి పంక్తిలో ఓళిగల మీద నెయ్యి పోస్తున్నారు. అయిపోయాక ఒక అవ్వ చేతిలో ఓళిగ చుట్టుకుని స్టేజీ దగ్గరికొచ్చి, 'నీకు అన్నం పెట్టకుండానే పాడించుకుంటాండారా నాయనా? నవ్వులో బలమే లేదే!' అంది. నిజమే, ఆర్కెస్ట్రావాళ్లది ఎప్పుడూ ఆఖరి పంక్తి. ఆ రోజు నుంచి ఆ పాటకు ముందు గుప్పెడు చిత్రాన్నమైనా తినందే మైకు పట్టలేదు.

ప్రశ్న: 'కొలవెరి' పాట ఊపు ఎందుకు అంత త్వరగా తగ్గిపోయింది?
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: 2011 నవంబరులో వచ్చింది. ఆ సీజన్లో ఒక్క రాత్రికి నాలుగుసార్లు పాడించారు. పాయసమైనా నాలుగో గిన్నెకు మొహం మొత్తుతుంది.

ప్రశ్న: 'వివాహ భోజనంబు' వరస ఇంగ్లీషు పాటదట. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, గుత్తి

జవాబు: 1922లో చార్లెస్ పెన్రోజ్ అనే ఆయన నవ్వే పోలీసు మీద ఒక రికార్డు ఇచ్చాడు. విను, నీకే తెలుస్తుంది. అయితే ఆ వరస ఆయనదీ కాదు. 1890ల్లో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి అమెరికన్ గాయకుడు పాడిన నవ్వుల పాటే దానికి మూలం. ఇక్కడికొచ్చాక అందులోకి గారెలు, బూరెలు, అరిసెలు చేరాయి. పోలీసుకన్నా ఘటోత్కచుడికే ఆ నవ్వు బాగా అతికింది, నన్నడిగితే.

జాన్సన్ రోజుల్లో పాటను మైనం సిలిండర్ల మీద పట్టేవాళ్లు. ఒకసారి పాడితే కొన్నే తయారయ్యేవి. ఇంకొన్ని కావాలంటే మళ్లీ పాడాల్సిందే, మళ్లీ అదే నవ్వు నవ్వాల్సిందే. అలా ఎన్ని వందలసార్లు నవ్వాడో పాపం. మధ్యలో ఆయనకు అన్నం పెట్టారో లేదో.